కనిపెట్టుకొని ఉండడమంటే ఏమిటి? ఏడేళ్లుగా ఎదురు చూస్తున్న ఒక తమ్ముడికి జవాబు

ఒడిశాలోని కాశీనగర్ దగ్గరి ఒక ఊరి నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నకు ఇది జవాబు. ఆయన వయసు 34. బి.ఎడ్. పూర్తి చేసి ఏడేళ్లయింది. ఉపాధ్యాయ నియామకం ఒకసారి కోర్టు స్టేతో ఆగింది, ఇంకోసారి జాబితాలో పేరు కొద్దిలో తప్పిపోయింది. వచ్చిన రెండు సంబంధాలూ "ఉద్యోగం వచ్చాక చూద్దాం" అన్న మాట దగ్గరే నిలిచిపోయాయి. ఇప్పుడొక మధ్యవర్తి ఆరు లక్షలిస్తే పని జరిపిస్తానంటున్నాడు, వంశధార ఒడ్డున ఉన్న ఎకరంపావు పొలం అమ్మడానికి తండ్రిగారు సిద్ధపడ్డారు. రోజూ రాత్రి మూడు గంటలకు మెలకువ వచ్చి గుండె దడదడలాడుతోందట. ఆయన అడిగినవి రెండు. "ఇంత భయపడుతున్నానంటే నాలో విశ్వాసం లేనట్టేనా, అందుకే దేవుడు ఆలస్యం చేస్తున్నాడా?" అన్నది మొదటిది. "దేవుని కొరకు కనిపెట్టుకొని ఉండమంటే చేతులు కట్టుకొని కూర్చోమనా?" అన్నది రెండోది.

తమ్ముడూ, వయసును బట్టి చూస్తే మీరు నాకు కొడుకు వరస. సంఘంలో అందరం అన్నదమ్ములమే కనుక ఇలాగే పిలుస్తాను. నేను పాస్టరును కాను. గుణుపురం చుట్టుపక్కల ముప్పై ఏళ్లకు పైగా తెలుగు చెప్పి రిటైరైన ఉపాధ్యాయుణ్ని, మా చిన్న తెలుగు సంఘంలో ఒక పెద్దను. మీరున్న చోట నేను పదకొండేళ్లు ఉన్నాను కాబట్టి రాసే ధైర్యం చేస్తున్నాను.

రెండో ప్రశ్నను ముందు తీసుకుంటాను, మొదటిదానికి సగం జవాబు అందులోనే దొరుకుతుంది. మన తెలుగు బైబిలులో ఎదురుచూడడమనే అర్థంలో తరచుగా వచ్చే మాట "కనిపెట్టు". బళ్లో పిల్లలకు ఈ మాట చెబితే టెలిఫోను కనిపెట్టిందెవరన్న క్విజ్ ప్రశ్న ఒక్కటే గుర్తుకొస్తుంది. (వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి మన పక్కనే ఉన్నా, మనం మాత్రం ఇంకా గ్రాంథిక బైబిలే పట్టుకున్నాం. ఆయన వింటే ఏమనేవారో గాని, ఈ ఒక్క మాట విషయంలో నేను గ్రాంథికం వైపే ఉంటాను.) మన అమ్మమ్మలు ఈ మాటను ఎలా వాడేవారో గుర్తు చేసుకోండి. "పొయ్యి మీద పాలున్నాయి, కాస్త కనిపెట్టు" అనేవారు. "పిల్లకి జ్వరంగా ఉంది, ఈ రాత్రి కనిపెట్టుకొని ఉండాలి" అనేవారు. ఆ మాట విన్నవాళ్లెవరూ చేతులు కట్టుకొని కూర్చునేవారు కారు. కన్ను అటువైపే ఉంచి, చేతిలో పని చేసుకుంటూ, ఏ క్షణాన ఏం అవసరమైనా లేవడానికి సిద్ధంగా ఉండేవారు.

కావలివారు ఉదయం కొరకు కనిపెట్టేదానికంటె ఎక్కువగా నా ప్రాణం ప్రభువు కొరకు కనిపెడుతోందని 130వ కీర్తన అంటుంది. మన వైపు కొండవాలు చేలల్లో మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో మంచె కట్టి రాత్రంతా కాపలా కాసేవారిని మీరు చూసే ఉంటారు. పదేళ్ల వయసులో ఒకసారి మా మేనమామతో కలిసి నేనూ మంచె ఎక్కాను. ఆయన దగ్గర ఒక ఖాళీ నూనె డబ్బా, ఒక కర్ర ఉన్నాయి. చేను చివర అడవిపంది అలికిడి అయినప్పుడల్లా డబ్బా మీద కర్రతో బాదేవాడు, కాసేపు చెవి ఒగ్గి వినేవాడు, మళ్లీ తూర్పు వైపు చూసేవాడు. "నీకు భయం వెయ్యదా మామయ్యా?" అని అడిగాను. "భయమే లేకపోతే ఇంట్లో పడుకుందును కదరా" అన్నాడు. ఆ కీర్తన ఎప్పుడు చదివినా నాకు వినిపించేది ఆ డబ్బా చప్పుడే. తెల్లవారేలా చేయడం ఆయన చేతుల్లో లేదు, తెల్లవారదేమోనన్న అనుమానమూ ఆయనకు లేదు. ఆ రెంటి మధ్య ఉన్న రాత్రిలో చేయవలసిన పని మాత్రం ఆయనకు బాగా తెలుసు.

ఇక మీ మొదటి ప్రశ్న. భయం ఉంటే విశ్వాసం లేనట్టే అని మీకెవరు చెప్పారో నాకు తెలియదు గాని, వేదికల మీద ఆ మాట చాలాసార్లు విన్నాను, విన్న ప్రతిసారీ బాధపడ్డాను. 56వ కీర్తనలో దావీదు "నాకు భయం కలిగిన రోజున నిన్ను ఆశ్రయిస్తాను" అన్నాడు గాని, నాకు భయం కలగదని అనలేదు. అంతకంటె నాకు ఇష్టమైన ఉదాహరణ రాహాబు, యెరికో పట్టణాన్ని పట్టుకోబోతున్న ఇశ్రాయేలీయుల వేగులవారిని తన ఇంట్లో దాచిన స్త్రీ. యెహోషువ గ్రంథం రెండో అధ్యాయంలో ఆమె వేగులవారితో మాట్లాడిన మాటలు నెమ్మదిగా చదవండి. మీ దేవుడు చేసిన కార్యాలు విని మా గుండెలు కరిగిపోయాయి అంటుంది. "మా" అంటోంది, అంటే తన గుండెనూ అందులో కలుపుకొనే మాట్లాడుతోంది. యెరికోలో ప్రతి ఇంట్లో ఉన్న భయమే ఆమె ఇంట్లోనూ ఉంది. మిగిలినవారిని ఆ భయం తలుపులు మూసుకునేలా చేసింది; ఆమెను మాత్రం ఆ దేవుని మనుషులకే తలుపు తీసేలా చేసింది.

ఆ తరువాతి భాగాన్ని మనం త్వరత్వరగా దాటేస్తాం. పట్టణం కూలే రోజున తన ఇంటిని గుర్తుపట్టి కాపాడేందుకు ఆనవాలుగా ఆమె కిటికీకి తొగరు (ఎర్ర) దారం కట్టింది. వేగులవారు కొండల్లో మూడు రోజులు దాగి వెళ్లిపోయారు. ఆ తరువాత ఇశ్రాయేలీయులు యొర్దాను దాటాలి, గిల్గాలులో దిగాలి, పస్కా పండుగ ఆచరించాలి, ఆపైన ఏడు రోజులు పట్టణం చుట్టూ తిరగాలి. ఏ రోజు ఏం జరుగుతుందో ఆమెకు ఎవరూ కబురు చేయలేదు. గోడ కింద సైన్యం మౌనంగా తిరుగుతున్న ఆ రోజుల్లో ఆమె ఎన్నిసార్లు లేచి ఆ ముడి సరిచూసుకుందో మనం ఊహించుకోవచ్చు. ఆ చోట "దారం" అని తెలుగు చేసిన హీబ్రూ మాట "తిక్వా". అదే మాట మిగిలిన చాలా చోట్ల "నిరీక్షణ" అనే అర్థంలో వస్తుంది. దాని మూలధాతువు "కవా", కనిపెట్టుకొని ఉండడం. యెహోవా కొరకు ఎదురుచూచువారు నూతన బలం పొందుతారని యెషయా 40వ అధ్యాయం చెప్పే చోట ఉన్నదీ ఆ ధాతువే. దాన్ని నిఘంటువులు పేనడం, మెలివేయడం అనే భావంతో ముడిపెడతాయి. మా తాతగారు గోగునారతో పలుపుతాళ్లు పేనేవారు. నాలుగు పోగులు తీసుకొని తొడ మీద అరచేత్తో ఒత్తి తిప్పుతూ, మెలి విడిపోకుండా కొసను కాలి బొటనవేలికి బిగించుకునేవారు. విడి పోగును నేను చిటికెన వేలితో తెంపేసేవాణ్ని. పేనిన తాడు కోడెదూడను ఆపేది. మీ భయం, మీ ప్రార్థన, మీ అప్లికేషన్లు, మీ నాన్నగారి దిగులు, ఆదివారం మీరు పాడే పాట, ఇవన్నీ ఇప్పుడు విడివిడి పోగుల్లా ఉన్నాయి. భయాన్ని పక్కన పారేసి మిగిలినవాటితో తాడు పేనమని నేను చెప్పను. దాన్నీ కలిపి పేనండి. మూడు గంటలకు మెలకువ వచ్చినప్పుడు ఆ భయాన్ని దేవునితో చెప్పుకుంటున్నారా, లేక దానితో మీరొక్కరే మాట్లాడుకుంటున్నారా అన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది.

భయం ఉండడం తప్పు కాదని చెప్పాను గాని, భయం చేత సంతకం పెట్టించడం వేరే సంగతి. మొదటి సమూయేలు 13వ అధ్యాయంలో రాజైన సౌలు, నేను వచ్చేదాకా ఆగమన్న ప్రవక్త సమూయేలు కోసం గిల్గాలులో ఏడు రోజులు కాచుకున్నాడు. సమూయేలు రాలేదు, జనం చెదిరిపోతున్నారు, చివరికి మిగిలింది సుమారు 600 మంది. సౌలు తానే బలి అర్పించాడు. అర్పించడం అయిందో లేదో సమూయేలు వచ్చాడు. "నీవు చేసిన పని ఏమి?" అని అడిగితే సౌలు మూడు కారణాలు చెప్పాడు: జనం చెదిరిపోయారు, చెప్పిన సమయానికి నువ్వు రాలేదు, ఫిలిష్తీయులు మిక్మషులో కూడుకున్నారు. ఆ మూడూ నిజాలే. భయం మనతో అబద్ధాలు చెబుతుందని చాలామంది అంటారు గాని, నా అనుభవంలో అది నిజాలే చెబుతుంది, ఒక్క నిజాన్ని మాత్రం లెక్కలోంచి తప్పిస్తుంది.

నా సంగతీ అదే. 1983లో గ్రామస్థులు నడుపుకునే ఒక హైస్కూల్లో చేరాను. నెలకు 150 రూపాయలు, అవీ రెండు మూడు నెలలకోసారి. ప్రభుత్వ గ్రాంటు రేపో మాపో వస్తుందన్నారు. ఆరేళ్లు గడిచాయి, ఇద్దరు పిల్లలు పుట్టారు, గ్రాంటు రాలేదు. 1989లో ఒకాయన, పేరు అనవసరం, ఎనిమిది వేలిస్తే మా ఫైలు కదిలిస్తానన్నాడు. ఇంట్లో డబ్బు లేదు. నా భార్యకు పుట్టింటివారు పెట్టిన బంగారు గాజులు రెండున్నాయి. పని చేసి చేసి చేతులు కాస్త ఒళ్లు చేయడంతో అవి దిగలేదు. నూతి దగ్గర కూర్చొని, మణికట్టుకు బట్టల సబ్బు రాసుకొని, తిప్పి తిప్పి తీసింది. రెండో గాజుకు బొటనవేలి కింద చర్మం గీసుకొని సన్నటి రక్తపు చార కనిపించింది. ఏమీ అనలేదు. నురగ కడిగి, చెంగుతో తుడిచి, నా చేతిలో పెట్టింది. ఆ రోజు నా దగ్గరా మూడు కారణాలున్నాయి, మూడూ నిజాలే. పై వారమే మా సంఘంలో కనిపెట్టుట గురించి నేనే వాక్యం చెప్పాను కూడా.

రెండు నెలల తరువాత వెళితే ఆయన ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయాడని తెలిసింది. గ్రాంటు 1994లో, మా బడి వంతు వచ్చినప్పుడు, మాతోపాటు కాచుకున్న మిగతా బడులకు వచ్చినట్టే వచ్చింది. అప్పటికి మాతో మొదటి నుంచీ పనిచేసిన లెక్కల మాస్టారు చనిపోయి ఏడాదైంది. దేవుని సమయం ఎప్పుడూ తప్పదని తేలికగా చెప్పడం ఆయన ఇంటికి వెళ్లినప్పుడు నాకు చేతకాలేదు, ఇప్పటికీ చేతకాదు.

అందుకే మీ మధ్యవర్తి విషయంలో మెత్తగా మాట్లాడలేను. అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించాక లంచం ఇచ్చినవారూ నేరస్థులే, ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. అది అలా ఉంచినా, రేపు మీరు పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పవలసినవారు. "రేపే ఆఖరి రోజు" అని తొందరపెట్టేవాడు తన తొందర కోసమే మిమ్మల్ని తొందరపెడతాడు. ఈ ఏడాది నీకు ఉద్యోగం ఖాయమని చెప్పి కానుక పుచ్చుకునే ప్రవక్తలు ఈ మధ్య మన వైపు కూడా తిరుగుతున్నారు; వారినీ ఆ మధ్యవర్తి పక్కనే కూర్చోబెట్టండి.

ఇక్కడ ఒక కఠినమైన మాట చెప్పాలి, ఏమీ అనుకోకండి. ఉపాధ్యాయ ఉద్యోగం ఇస్తానని దేవుడు మీకు మాట ఇవ్వలేదు. మనం కోరుకున్నదాన్ని ఆయన వాగ్దానంగా మార్చుకొని, అది ఆలస్యమైతే ఆయన మాట తప్పాడని కుంగిపోతాం. ఇళ్లల్లో గోడ క్యాలెండర్ల మీద యిర్మీయా 29వ అధ్యాయం 11వ వచనం ఉంటుంది, సమాధానకరమైన ఉద్దేశాలని, నిరీక్షణ కలుగుతుందని. అది యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టబడినవారికి యిర్మీయా ప్రవక్త దేవుని మాటగా రాసిన ఉత్తరంలోది. దానికి ఒక్క వచనం ముందే 70 ఏళ్లన్న లెక్క ఉంది, అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవారిలో చాలామంది తిరిగి రావడం చూడలేదు. మరి ఈలోగా ఏం చేయమన్నాడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి ఫలాలు తినండి, పెళ్లిళ్లు చేసుకొని పిల్లలను కనండి అన్నాడు. అది చదివాక, ఉద్యోగం వచ్చేదాకా పెళ్లి లేదు, ఇల్లు లేదు, నవ్వు లేదు అని మీరు పెట్టుకున్న నియమం దేవుడు పెట్టినది కాదని నాకు అనిపిస్తుంది. ట్యూషన్లు చెప్పడం, ప్రైవేటు బడిలో చేరడం, ఇంకో రెండుసార్లు పరీక్ష రాసి ఆపైన వేరే దారి చూసుకోవాలని ముందే నిర్ణయించుకోవడం అవిశ్వాసం అనిపించుకోవు. ఉన్నదున్నట్టు చెప్పుకొని, నా ఆదాయం ఇంత, నా ఆశ ఇది అని కూర్చుంటే ఒప్పుకునే సంబంధం ఒకటైనా ఉంటుంది. నా భార్య 150 రూపాయల జీతాన్ని చూసే ఒప్పుకుంది.

మీ నాన్నగారి పొలం గురించి చదవగానే నాకు అదే యిర్మీయా గ్రంథంలోని 32వ అధ్యాయం గుర్తుకొచ్చింది. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించి ఉంది. యిర్మీయా రాజు ఇంటి ఆవరణంలో బందీగా ఉన్నాడు. అలాంటి రోజుల్లో పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులోని పొలం కొనుక్కోమన్నాడు. ఊరంతా ప్రాణం దక్కితే చాలనుకుంటున్నప్పుడు యిర్మీయా 17 తులముల వెండి తూచి ఇచ్చి ఆ పొలం కొన్నాడు. సాక్షులను పిలిచి క్రయపత్రం మీద సంతకం చేసి, ముద్ర వేసి, అది చాలా రోజులు ఉండేలా మట్టికుండలో పెట్టమని తన లేఖకుడు బారూకుకు అప్పగించాడు. ఎంత తాపీగా, రిజిస్ట్రారు ఆఫీసులో కూర్చున్నవాడిలా చేశాడో చూడండి. ఆ తరువాత ఏమైందన్నది ఇంకా ముఖ్యం. కొన్న వెంటనే ప్రార్థనకు వంగి, పట్టణం కల్దీయుల (బబులోనువారి) చేతికి పోతుంటే నన్ను పొలం కొనమన్నావేమిటి ప్రభువా అన్నట్టు మాట్లాడాడు. కలవరం తీరాక విధేయుడు కావాలని అతడు ఆగలేదు. చేయవలసింది ముందు చేసి, తరువాత కలవరమంతా చెప్పుకున్నాడు. యిర్మీయా భయకాలంలో పొలం కొన్నాడు, మనం భయకాలంలో పొలం అమ్ముతున్నాం. నేనైతే ఈ అధ్యాయాన్ని మీ నాన్నగారి పక్కన కూర్చొని గట్టిగా చదివి వినిపిస్తాను, వ్యాఖ్యానం చేయను.

మన రైలు సంగతి మీకు తెలిసిందే. నౌపడా నుంచి గుణుపురం దాకా నడిచిన చిన్న రైలును 2004లో ఆపేశారు, పెద్ద లైను మీద రైలు గుణుపురం చేరింది 2011లో. ఆ ఏడేళ్లూ, సరిగ్గా మీ ఏడేళ్లంత కాలం, ఎవరూ ప్లాట్‌ఫారం మీద కూర్చోలేదు. రైలు వస్తుందని గట్టిగా నమ్మినవారూ పొద్దున్నే బస్సెక్కి పనులకు వెళ్లారు. రైలుతో దేవుణ్ని పోల్చడం నాకు ఇష్టం లేదు గాని, ఎదురుచూస్తూ బతకడం మన ఊళ్లకు కొత్తేమీ కాదని మాత్రం చెప్పదలచాను.

రాత్రుల గురించి. 13వ కీర్తనలో ఆరే వచనాలు, మొదటి రెండింటిలోనే దావీదు "ఎన్నాళ్లు" అని నాలుగుసార్లు అడుగుతాడు. దేవుడు ఆ మాటను పుస్తకంలోంచి తీసేయించలేదు. మెలకువ వచ్చినప్పుడు లేచి కూర్చొని ఆ కీర్తన పైకి చదవండి, ఆపైన మీ భయాలను "భవిష్యత్తు" అని గంపగుత్తగా చెప్పకుండా వాటి పేర్లతో చెప్పండి: వయోపరిమితికి ఇంకా ఎన్ని నెలలుందో, నాన్నగారి మందులకు ఎంతవుతోందో, ఫలానా మేనత్త కొడుకు పెళ్లిలో ఎవరేం అడుగుతారో. పేరు పెట్టి చెప్పిన భయం సగం తగ్గుతుందని హామీ ఇవ్వలేను. నాకు కొన్ని రాత్రులు తగ్గలేదు. చెప్పాక మాత్రం దాన్ని మోసేది నేనొక్కణ్నే అనిపించేది కాదు. హెబ్రీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయంలో నిన్ను ఏమాత్రమూ విడువను, ఎన్నడూ ఎడబాయను అన్న మాట ఉంది. అది ధనాపేక్ష గురించి హెచ్చరించే వచనంలోనే ఉండడం మీ ఆరు లక్షల దృష్ట్యా గమనించదగ్గది. మీకు నిజంగా ఇచ్చిన మాట అది.

నిద్రలేమి వారాల తరబడి సాగినా, తిండి సయించకపోయినా, చనిపోతే బాగుండునన్న ఆలోచన వచ్చినా ప్రార్థనతో సరిపెట్టుకోకండి. ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద చనిపోవాలని కోరుకున్నప్పుడు దేవదూత మొదట ప్రసంగం చేయలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు, నిద్రపోనిచ్చాడు, మళ్లీ లేపి తినమన్నాడు. డాక్టరు దగ్గరకు వెళ్లండి. టెలీ మానస్ అనే ప్రభుత్వ సహాయవాణి 14416 నంబరుకు ఏ వేళలోనైనా ఉచితంగా మాట్లాడవచ్చు.

మీ నాన్నగారు అడిగితే ఈ సంగతి చెప్పండి: గ్రాంటు వచ్చాక మొదటి పూర్తి జీతంతో పర్లాకిమిడి తీసుకెళ్లి గాజులు కొంటానంటే మా ఆవిడ వద్దంది, ముందు ఇంటి కప్పు వేయించమంది. ఇప్పటికీ ఆమె చేతికి ఉన్నవి మట్టిగాజులే. పొలం పట్టా ఈ కోతలు అయ్యేదాకా ట్రంకుపెట్టెలోనే ఉండనివ్వమని ఆయన్ను అడగండి. ఆపైన ఆయనతో మాట్లాడడానికి కావాలంటే నేను వస్తాను. మూడు గంటలకు మెలకువ వస్తే ఇక్కడే నాలుగు ముక్కలు రాయండి. ముసలితనం వల్ల ఆ వేళకు నేనూ మేలుకొనే ఉంటాను.